ట్రైలర్‌కూ ఒక హెచ్చరిక వేయించండి మహాప్రభో!

సెన్సార్ బోర్డు అధ్యక్షులవారి దివ్య సముఖమునకు,

విషయం: ట్రైలర్ల వల్ల ప్రేక్షకులకు కలుగుచున్న నష్టం, దాని నివారణ గురించి విన్నపం.

అయ్యా,

ముంబయిలో కేంద్ర కార్యాలయం, హైదరాబాద్‌లో ప్రాంతీయ కార్యాలయం, చేతిలో 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం... ఇన్ని ఉన్న మీకు మా బాధ ఎందుకు కనబడటం లేదో అర్థం కాక ఈ ఉత్తరం రాస్తున్నాను. తెర మీద హీరో సిగరెట్ ముట్టిస్తే అది ఆరిపోయేదాకా కింద అక్షరాలు పడుతూనే ఉంటాయి. ఎద్దుబండి కనిపించిందంటే, ఆ ఎద్దుకు ఏ హానీ జరగలేదని సినిమా మొదట్లోనే మాటిస్తారు. యూఏ సర్టిఫికెట్‌నైతే ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మూడు ముక్కలు చేశారు. పిల్లలు, ఎద్దులు, ఊపిరితిత్తులు అందరూ క్షేమం. ఇక మిగిలింది టికెట్ కొన్నవాడు. రెండున్నర నిమిషాల ట్రైలర్ చూసి మూడు గంటల సినిమాకు ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లే ఈ అమాయక ప్రాణికి మాత్రం ఏ రక్షణా లేదు.

ట్రైలర్ అంటే ఇప్పుడు మామూలు వ్యవహారం కాదని మీకు తెలియంది కాదు. ముందు ఫస్ట్ లుక్, తర్వాత గ్లింప్స్, ఆ తర్వాత టీజర్. టీజర్ ఎప్పుడొస్తుందో చెప్పడానికి ఒక పోస్టర్, ఆ పోస్టర్ ఎప్పుడొస్తుందో చెప్పడానికి ఒక ట్వీట్. ట్రైలర్‌కు ముహూర్తం సాయంత్రం 4 గంటల 5 నిమిషాలకు. ఆ ముహూర్తానికి రాకపోతే అభిమానులు నిర్మాణ సంస్థను ఏ భాషలో పలకరిస్తారో మీరు చూసే ఉంటారు, అవి మీరు కట్ చేసే మాటలే. 2024 నవంబరు 17న పుష్ప 2 ట్రైలర్ విడుదల వేడుక పట్నా గాంధీ మైదాన్‌లో పెడితే జనం పోటెత్తారు. తెలుగు సినిమా కోసం బిహార్‌లో అంత జనం రావడం గర్వకారణమే. అయితే వాళ్లొచ్చింది సినిమాకు కాదు, ట్రైలర్‌కు.

ఇక అసలు విషయం. మొన్నామధ్య ఒక పెద్ద సినిమా ట్రైలర్ చూశాను. పేరు చెప్పను, పరువునష్టం దావాలు తట్టుకునే స్తోమత నాకు లేదు. అందులో ఒక తల్లి గడపలో నిలబడి ‘వాడొస్తున్నాడు’ అంటుంది. తెర నల్లబడుతుంది. ఒక్క క్షణం ఏ చప్పుడూ ఉండదు. ఆ తర్వాత గుండెలదిరేలా డ్రమ్ముల మోత, దుమ్ములో నాలుగు జీపులు, జీపులోంచి దిగుతున్న హీరోగారి చెప్పు. మొహం కాదు, చెప్పే. వెంటనే విలన్ కనిపిస్తాడు, నుదుటి మీద చెమట, గొంతులో దిగని గుటక. మా వాడు కుర్చీలోంచి లేచి ఈల వేశాడు. నాకూ ఒళ్లు జలదరించింది, ఎందుకు దాచాలి?

సినిమాకు వెళ్తే తేలిందేమిటయ్యా అంటే, ఆ తల్లి చెప్పింది పండక్కి వస్తున్న చిన్నల్లుడి గురించి. జీపులు ఫ్లాష్‌బ్యాక్‌లో తాతగారివి. విలన్‌కు చెమటలు పట్టింది సెకండాఫ్‌లో గుండెపోటు వచ్చినప్పుడు. మూడు షాట్లూ సినిమాలో భేషుగ్గా ఉన్నాయి, ఎవరూ ఏదీ కల్పించలేదు. అబద్ధమంతా అతుకులో ఉంది.

ఈ అతుకు విద్య కొత్తదేమీ కాదు. నూరేళ్ల కిందట రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి మొహాన్ని, ఏ భావమూ లేని ఒకే షాట్‌ను, ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఇంకోసారి శవపేటిక పక్కన, మరోసారి ఒక అందగత్తె పక్కన పెట్టి చూపించాడు. చూసినవాళ్లు ఆహా, ఏం ఆకలి, ఏం దుఃఖం, ఏం మోహం అని ఆ నటుణ్ని మెచ్చుకున్నారట. ఆయన చేసిందల్లా కెమెరాలోకి చూడటమే, మిగిలినదంతా చూసేవాళ్లే పూరించుకున్నారు. మన ట్రైలర్ ఎడిటర్ బతుకుతున్నది ఈ పూరింపు మీదే. కారణం వాడు చూపించడు, ఫలితం చూపిస్తాడు. హీరోయిన్ కన్నీళ్లు చూపించి ఎందుకో చెప్పడు. ఆ ‘ఎందుకు’ కోసం మనం డబ్బులు కడతాం.

ఇక చెవి సంగతి. కంటికన్నా ముందు మోసపోయేది అదే. మాట ఒక సీన్‌లోది, బొమ్మ ఇంకో సీన్‌లోది, బీజీఎం ఏ సీన్‌లోదీ కాదు. ఇది మనవాళ్లకే పరిమితం అనుకోవద్దు. 2010లో ఇన్‌సెప్షన్ ట్రైలర్‌కు ఊపు తెచ్చిన సంగీతం ఆ సినిమాకు సంగీతమిచ్చిన హాన్స్ జిమ్మర్‌ది కాదు, జాక్ హెంసీ అనే వేరే ఆయనది. అదృష్టం కొద్దీ అక్కడ సినిమా కూడా బాగుంది. మనకు అన్నిసార్లూ అలా కలిసిరాదు. ట్రైలర్‌లో నవ్వించిన నాలుగు జోకులే సినిమా మొత్తంలో ఉన్న నాలుగు జోకులని ఇంటర్వెల్ దాటాక గానీ తెలియదు.

రిక్షాకు మైకు కట్టి, రంగురంగుల కరపత్రాలు విసురుతూ ‘నేడే చూడండి’ అని ఊరంతా తిరిగిన రోజుల్లో అబద్ధాలు లేవా అంటారేమో. ఉన్నాయి, బోలెడు. కానీ ఆ రిక్షా అబ్బాయి మాటలే చెప్పాడు, మన కళ్లకు ఏదీ కట్టలేదు. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రమైతే కథంతా వినిపించేసేది. విన్నవాళ్లే మళ్లీ టికెట్ కొని నేల క్లాసులో కూర్చున్నారు.

ట్రైలర్‌లో ఈ మాయంతా ఎందుకో నాకు తెలిసినంత చెబుతాను. రైతుబజారులో మామిడిపండు ముక్క కోసి రుచి చూపించేవాడు బుట్టలోని పండునే కోస్తాడు, ఎందుకంటే రేపు మళ్లీ నా మొహం చూడాలి. సినిమాకు ఆ రేపు లేదు. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అంటూ ఏరియాల వారీగా కొన్నవాళ్లు తొలి మూడు రోజుల్లో పెట్టుబడి రాబట్టుకోవాలి. టికెట్ రేటు పెంచుకోమనే జీవో కూడా తొలి రోజులకే. ఇప్పుడు ఆ మూడు రోజులూ లేవు. అమెరికా ప్రీమియర్ల నుంచి టాక్ మన ఉదయం ఆట కంటే ముందే ఫోన్లలో దిగుతోంది. టాక్ రాకముందే టికెట్ తెగాలి. ఆ పనికి ట్రైలర్‌ను మించిన ఆయుధం లేదు.

కోర్టుకు వెళ్లమంటారా? వెళ్లినవాళ్లున్నారు. 2016లో షారుఖ్ ఖాన్ ఫ్యాన్ సినిమా ప్రచారంలో మోగిపోయిన జబ్రా ఫ్యాన్ పాట సినిమాలో లేదని మహారాష్ట్రలో ఒక ఉపాధ్యాయురాలు వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. జిల్లాలో కొట్టేశారు. రాష్ట్ర కమిషన్ పదివేలు పరిహారం, అయిదువేలు ఖర్చులు ఇవ్వమంది. జాతీయ కమిషన్ కూడా సరేనంది. చివరికి 2024 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో జస్టిస్ పమిడిఘంటం శ్రీ నరసింహ, జస్టిస్ అరవింద్ కుమార్‌ల ధర్మాసనం ఆ తీర్పులను పక్కన పెట్టింది. ట్రైలర్ ఒక ప్రకటన మాత్రమే, ఒప్పందం కాదు అని తేల్చింది. న్యాయంగా ఆలోచిస్తే అదీ సబబే. ట్రైలర్‌లో ఉన్నవన్నీ సినిమాలో ఉండితీరాలంటే విడుదలకు ముందు రాత్రి ఏ ఎడిటరూ కత్తెర పట్టలేడు.

అమెరికాలోనూ అంతే. 2019 నాటి యెస్టర్‌డే సినిమా ట్రైలర్‌లో అనా డె అర్మాస్ కనిపించింది, సినిమాలో ఆమె పాత్ర ఎడిటింగ్‌లో ఎగిరిపోయింది. చెరో 3.99 డాలర్లు పెట్టి అద్దెకు తీసుకుని చూసిన ఇద్దరు యూనివర్సల్ సంస్థ మీద దావా వేశారు. ట్రైలర్ కూడా వ్యాపార ప్రకటనే, తప్పుడు ప్రకటనల చట్టం దానికీ వర్తిస్తుందని 2022 డిసెంబరులో ఫెడరల్ జడ్జి అంటే, మాలాంటివాళ్లం ఇక్కడ మిఠాయి పంచుకోబోయాం. తర్వాత ఆ దావా కూడా వీగిపోయింది.

ఈ అతుకులు లేకుండా టికెట్ అమ్మలేరా అంటే, అమ్మినవాళ్లు ఉన్నారు. 1960లో సైకో కోసం హిచ్‌కాక్ చేసిన ట్రైలర్ ఆరు నిమిషాల పైనే ఉంటుంది. ఆయనే సెట్టంతా తిప్పి చూపిస్తూ, ఇక్కడ ఒక ఘోరం, అక్కడ ఇంకో ఘోరం అని కబుర్లు చెబుతాడు తప్ప సినిమాలోంచి ఒక్క సీనూ వేయడు. చివర్లో స్నానాలగది తెర లాగితే అరిచే ఆవిడ కూడా అసలు హీరోయిన్ జానెట్ లీ కాదు, విగ్గు పెట్టుకున్న వెరా మైల్స్. మన రాజమౌళి అయితే ఇంకా తెగించాడు. 2012లో ఈగ విడుదలకు ముందే, హీరో చచ్చిపోతాడు, ఈగగా పుడతాడు, పగ తీర్చుకుంటాడు అని కథ బాహాటంగా చెప్పేశాడు. అయినా జనం వెళ్లారు. ఏం జరుగుతుందో తెలిసినా ఈగ మనిషిని ఎలా చంపుతుందో చూడాలి కదా!

కాబట్టి మా కోరిక చిన్నదే. ట్రైలర్లను నిషేధించమని అడగడం లేదు, అవి లేకపోతే మాకూ తోచదు. హాల్లో వేసే ట్రైలర్‌కు మీ సర్టిఫికెట్ తప్పనిసరి గనుక, కత్తి, రక్తం, బూతు చూసే కళ్లతోనే కాస్త అతుకులు కూడా చూడండి. సిగరెట్‌కు వేసినట్టే కింద నాలుగు అక్షరాలు వేయించండి: ‘ఈ మాటకూ ఈ మొహానికీ సంబంధం లేదు’, ‘ఈ సంగీతం సినిమాలో వినబడదు’, ‘మీరిప్పుడు చూసిన జోకులు కాక వేరే జోకులు లేవు’. సినిమాలో లేని పాట పెడితే ఆ ముక్క తెలుగులో, పెద్దక్షరాల్లో రాయించండి. కథ ముందే చెప్పేసిన ధైర్యవంతులకు ఈ హెచ్చరికలన్నీ మినహాయించండి.

యూట్యూబ్‌లో వచ్చేవాటికి మీ ముద్ర అక్కర్లేదని, అక్కడ మీ మాట చెల్లదని మాకు తెలుసు. కనీసం హాల్లో వేసేవాటితోనైనా మొదలుపెట్టండి. సంక్రాంతి సినిమాల ట్రైలర్లు మీ టేబుల్ మీదకు రాకముందే ఈ ఉత్తర్వు వెలువడేలా చూడగలరని ప్రార్థన.

ఇట్లు,
మీ విధేయుడు,
మొదటి రోజు మొదటి ఆట ప్రేక్షకుడు