నీ కథ కొబ్బరికాయ లెక్కుంది

ఏడో తరగతి పిల్లలకు వ్యాసం రాయడం నేర్పొచ్చు. లేఖ రాయడం నేర్పొచ్చు. పక్కవాడు రాసింది చదివి దాని మీద నాలుగు ముక్కలు రాయడం నేర్పాలంటే మాత్రం తెలుగు మాస్టారి జేబులో బీపీ మాత్రలుండాలి.

మా బడి వరండాలో గోడపత్రిక ఉంది. థర్మాకోల్ షీటు మీద గుండుసూదులతో గుచ్చిన కథలు, ఒక్కోదాని కింద అభిప్రాయాలకు ఓ తెల్లకాగితం. ఒకమ్మాయి 'మా నాయనమ్మ పోయిన రోజు' అని రాసింది. మంచంకోడుకు కట్టిన మందుల సంచిని ఎవరూ విప్పలేదని అందులో ఒక మాట. చదివి కాసేపు అక్కడే ఆగిపోయాను. దాని కింద మొదటి అభిప్రాయం: "సూపర్. నువ్వు ఇలాంటివి ఇంకా ఎన్నో రాయాలని కోరుకుంటున్నాను."

ఆ పిల్లకు తాతయ్య ఇంకా ఉన్నాడు.

పిల్లల్ని అని లాభం లేదు. వాళ్లు చూసిన నమూనాలే అలాంటివి. నోటుబుక్కులో మావాళ్లు ఎర్రసిరాతో పెట్టే 'గుడ్' ఉందే, అది ఏ వాక్యానికి తగిలిందో పెట్టినవాడికీ తెలియదు. వారపత్రికల్లో పాఠకుల ఉత్తరాలు చూడండి. ముఖచిత్రం కనువిందు చేసింది, కథ ఆద్యంతం ఆసక్తికరంగా సాగింది, కొసమెరుపు అదిరింది. ఆ ఉత్తరం ఏ సంచికకైనా సరిపోతుంది, సంచిక కొననక్కర్లేదు కూడా. ఇక నిర్మాణాత్మక మూల్యాంకనంలో 'పిల్లల భాగస్వామ్యం - ప్రతిస్పందనలు' అని ఓ అంశమే ఉంది, దానికి మార్కులూ ఉన్నాయి. మార్కులున్నాయంటే ప్రతిస్పందన కూడా కంఠతా వచ్చేస్తుంది: "ఈ పుస్తకం నాకు చాలా నచ్చింది. ఇందులోని నీతి కూడా నచ్చింది." ఏ నీతిరా అంటే పుస్తకం తిరగేసి వెతుకుతారు.

'సూపర్', 'బాగుంది' ఇకమీద నిషేధం అన్నాను. మర్నాడు 'మంచిగుంది' దిగింది. అదీ కొట్టేశాను. 'మస్తుంది' దిగింది. మెదక్ జిల్లా పిల్లల దగ్గర మాటలకు కరువా?

ఇలా కాదని కొత్త నియమం పెట్టాను. చదివినదాంట్లో నీ కంటపడ్డది ఒకటి రాయాలి, రాసినవాణ్ని ఒక ప్రశ్న అడగాలి. మర్నాడు ఉత్సాహంగా వెళ్లి చూశాను. కంటపడ్డది: "మూడో లైన్ల కొట్టివేత ఉన్నది." ప్రశ్న: "నా జామెట్రీ బాక్సు ఎప్పుడిస్తవ్?" నియమం ప్రకారం రెండూ ఉన్నాయి. నోరు మూసుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చాడు మల్లినాథ సూరి. సంస్కృత కావ్యాలకు వ్యాఖ్య అంటే ముందు వినబడే పేరు ఆయనదే. మాకు పరాయివాడేం కాదు, ఊరు మా జిల్లా కొల్చారం. కాళిదాసు రఘువంశానికీ కుమారసంభవానికీ 'సంజీవని', భారవి కిరాతార్జునీయానికి 'ఘంటాపథం' రాశాడనీ, పదం పదం విప్పి చూపించాడనీ చెప్పాను. "ఆయనకు ఎన్ని మార్కులేసిండ్రు సార్?" అన్నాడొకడు. వాణ్ని కూర్చోబెట్టి, భారవి మాట కొబ్బరికాయలాంటిదని ఈయనే అన్నాడనీ, పైకి గట్టిగా ఉన్నా పగలగొడితే లోపల రసం ఉంటుందనీ ఊపులో చెప్పేశాను.

ఇంకేముంది. "నీ కథ కొబ్బరికాయ లెక్కుంది." "నీ కవిత గూడ కొబ్బరికాయనే." వారం తిరిగేసరికి గోడపత్రిక నిండా కొబ్బరికాయలే. ఒక్కడు మాత్రం సొంతంగా ఆలోచించాడు: "కొబ్బరికాయనే గని, కొట్టి చూస్తే నీళ్లు లేవు." ఆ మధ్యాహ్నం కథ రాసినవాడు కూడా కొట్టడానికే వచ్చాడు, కొబ్బరికాయను కాదు. ఇద్దరినీ విడదీసి, మనిషిని కాదు రాతను అనాలని చెబితే, "నేను రాతనే అన్న సార్, వాడే మనిషిని కొట్టిండు" అన్నాడు మా విమర్శకుడు. పాయింటే.

దారి చూపించింది చివరి బెంచీ వాడు. కూడబలుక్కుని చదువుతాడు, అందుకే ఒక్క మాటా వదలడు. తప్పిపోయిన మేక కథ కింద రాశాడు: "మేక సంతల దొరికిందన్నవ్. అది మీదేనని ఎట్ల ఎరుకైంది?" మర్నాడు కథలో ఇంకో కాగితం గుచ్చి ఉంది. "మా అవ్వ పిలిస్తే సంతల ఉన్న మేకలన్నిట్ల అదొక్కటే తలకాయ తిప్పింది." నేనైతే అక్కడ 'వర్ణన పెంచాలి' అని ఎర్రసిరాతో రాసుండేవాణ్ని. ఆ వర్ణనలో మేకకు నాలుగు కాళ్లు, తోక వచ్చి చేరేవి.

ఆ తర్వాత వాళ్లకు అలవాటు ముదిరింది. కంటపడ్డదాని కిందల్లా ఓ తెల్లకాగితం అంటిస్తున్నారు. మొన్న గోడ మీది మధ్యాహ్న భోజన పట్టిక వంతు వచ్చింది. "కంటపడ్డది: పప్పుల గిన్నె అడుగు కనపడ్డది. ప్రశ్న: పప్పు ఎప్పుడొస్తది?"

వంటమ్మ దాన్ని ఒకమ్మాయితో చదివించుకుంది. కోప్పడుతుందనుకున్నా. ఆ అమ్మాయి చేతే కింద జవాబు రాయించింది: "కంటపడ్డది: పోరగాళ్ల కండ్లు మంచిగున్నయి. ప్రశ్న: నా బిల్లు ఎప్పుడొస్తది?"

హెడ్మాస్టరు గారు ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డారు. అద్దాలు తీసి తుడిచారు, మళ్లీ చదివారు. పిల్లలంతా ఆయన కలం వైపే చూస్తున్నారు. ఆయన దాని కింద 'చూడడమైనది' అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశారు.