మూడు పేర్ల వకాల్తా

మొన్న ఆదివారం మా పక్కవీధి కుర్రాడు ఫోను పట్టుకుని వచ్చాడు. రాయపూర్ పక్క ఉర్లాలో ఫ్యాక్టరీ పని. వాళ్లదీ మాదీ పార్వతీపురం వైపే. "తాతా, నా కేసు ఎందాకా వచ్చిందో చూడు" అన్నాడు. సీజీ అని మొదలయ్యే పదహారు అక్షరాల నంబరు, దాని కింద వాయిదా తేదీ, పక్కన 'ఎవిడెన్స్' అన్న మాట. ఏ కోర్టురా అంటే తెలీదన్నాడు. సాక్ష్యం చెప్పాల్సింది నువ్వా, అవతలివాడా అంటే అదీ తెలీదు. వకాల్తా కాగితం వకీలు చదివి వినిపించాడా అంటే, సంతకం పెట్టమన్నాడు, పెట్టేశానన్నాడు. వకీలు ఫోను ఎత్తడట, మెసేజి పెడతాడట. నాకు ఒళ్లు మండిపోయింది. కుర్రాడి మీద కాదు.

మా రోజుల్లో ఇలా లేదు. నేను భన్‌పురి వచ్చింది 1971లో, రోలింగు మిల్లు పనికి. విజయనగరంలో రైలెక్కి రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా వచ్చి రాయపూర్‌లో దిగిన రోజు నాకు హిందీలో పది మాటలు కూడా రావు. పదమూడేళ్ల తర్వాత ఇంటి గోడ దగ్గర పేచీ వచ్చి దావా వేయాల్సి వచ్చింది. కచహరీ చౌక్‌లో ఒక ముసలి వకీలు దగ్గరికి వెళ్లాను. ఆయనది ఛత్తీస్‌గఢీ, నాది సగం సగం హిందీ. అయినా ఆయన చేసిన మొదటి పని ఒక కాగితం తిరగేసి దాని మీద నాలుగు మెట్లు గీయడం. అడుగు మెట్టు సివిల్ జడ్జి. దాని మీద జిల్లా జడ్జి. ఆపైన జబల్‌పూర్ హైకోర్టు. చిట్టచివర ఢిల్లీ. "గోడ ఎక్కడుంది, ఎవరు కట్టారు అన్నది కింది రెండు మెట్ల మీదే తేలాలి. జబల్‌పూర్‌లో రెండో అప్పీలు వింటారు గానీ చట్టం ప్రశ్న ఉంటేనే. అక్కడికి పోయి గోడ కొలతలు చెప్పుకుంటామంటే కుదరదు. సాక్షులెవరున్నా ఇప్పుడే తీసుకురా" అన్నాడు. ఆ కాగితం ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది.

రెండో ఏడాది ఒక దెబ్బ తగిలింది. మనకి ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఇక్కడ దానికి తలకిందులు. వాయిదా రోజున బంట్రోతు తలుపు దగ్గర నిలబడి నా ఇంటిపేరునే పేరనుకుని, దాని వెనక రావు తగిలించి మూడుసార్లు పిలిచాడు. నేను వేపచెట్టు కింద టైపు మిషన్ల పక్కనే కూర్చున్నాను. ఆ పిలుపు నాదని తెలీక లేవలేదు. వాది రాలేదని దావా కొట్టేశారు. అక్కడి మాటలో 'అదమ్ పైర్వీ'. మన తెలుగులో పైరవీ అంటే పెద్దవాళ్ల చుట్టూ తిరగడం. కోర్టులో పైర్వీ అంటే కేసు నడుపుకోవడం, అది లేకపోతే దావా లేదు. బంట్రోతు తప్పేమీ లేదు, మన పేరు అతనికి కొత్త. వకీలు ఆ సాయంత్రమే దావా మళ్లీ తెరవమని దరఖాస్తు రాశాడు. కొత్త వకాల్తాలో నా పేరు మూడు రకాలుగా, మధ్యలో 'ఉరఫ్' పెట్టి రాసి, ఒక్కొక్కటీ నా చేత పైకి చదివించాడు. ఆ తర్వాత ఏ పిలుపూ నాకు తప్పిపోలేదు.

ఆ రోజుల్లో కష్టం లేదని నేననను. అప్పీలు జబల్‌పూర్ చేరాక బిలాస్‌పూర్, షహడోల్, కట్నీ మీదుగా రైల్లో రాత్రంతా కూర్చుని వెళ్లేవాళ్లం. తెల్లారి దిగితే వాయిదా పడిందనేవారు. మాకంటే పెద్దవాళ్లు నాగ్‌పూర్ వెళ్లేవారట. 1956 దాకా మన హైకోర్టు అక్కడే. రాయపూర్‌లో బడి చదువు చదివిన హిదాయతుల్లా గారు నాగ్‌పూర్‌లో ప్రధాన న్యాయమూర్తి చేసి, ఆ ఏడాది జబల్‌పూర్‌కి తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1968లో దేశానికే అయ్యారు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది, హైకోర్టు బిలాస్‌పూర్‌లో పెట్టారు. నా కాగితాల కట్ట జబల్‌పూర్ నుంచి అక్కడికి వచ్చింది. పొద్దున్న వెళ్లి రాత్రి భోజనానికి ఇంటికి రావచ్చు. తీర్పు నకలు కోసం అప్పట్లో స్టాంపులు అంటించి వారాలు కాచుకునేవాళ్లం, ఇప్పుడు ఫోనులోనే చూసుకుంటున్నారు. మంచిదే, కాదనను.

మరి నా కోపం దేని మీద? కోర్టు మెట్లు దగ్గరకొచ్చాయి, ఏ మెట్టు మీద ఉన్నావో చెప్పే మనిషి మాయమయ్యాడు.

పూర్వం ముక్తారు, ప్లీడరు, వకీలు, అడ్వొకేటు అని అంతస్తులుండేవి. ఫలానావాడు ఫలానా కోర్టు దాకానే వాదించాలి. 1961 అడ్వొకేట్ల చట్టం వాటన్నిటినీ తీసేసి అందరినీ ఒకే రకం అడ్వొకేట్లను చేసింది. మనం ఇప్పటికీ ప్లీడరు గారనే అంటాం. ఇంగ్లండులో కక్షిదారుతో మాట్లాడే సొలిసిటరు వేరు, పెద్ద కోర్టులో వాదించే బారిస్టరు వేరు. మనకి రెండూ ఒక్కడే. అంటే వాదించడం ఎంత పనో, ఎదుటి మనిషికి అర్థమయ్యేలా చెప్పడమూ అంతే పని. ఇప్పుడు లా చదువు ఐదేళ్లు, డిగ్రీ చేసి వస్తే మూడేళ్లు, ఆపైన 2011 నుంచి బార్ పరీక్ష. హిదాయతుల్లా గారి పేరనే 2003లో రాయపూర్‌లో న్యాయ విశ్వవిద్యాలయం వచ్చింది. 2024 జూలై 1న పాత శిక్షాస్మృతి పోయి కొత్తది వస్తే, మనం తిట్టుగా వాడే ఫోర్ ట్వంటీ 318 అయింది. కుర్ర వకీళ్లు ఆ అంకెలన్నీ ఇట్టే నేర్చేసుకున్నారు. అంత తెలివైనవాళ్లకి, కూలీ మనిషిని కూర్చోబెట్టి ఒక కాగితం చదివి వినిపించడానికి పది నిమిషాలు దొరకవా?

భాష సంగతీ ఉంది. పైకోర్టు న్యాయమూర్తులు రాష్ట్రాలు మారతారు. మన రాయగఢ్‌కి చెందిన ప్రశాంత్ కుమార్ మిశ్రా గారు 2021లో అమరావతి వెళ్లి ఆంధ్ర హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 2023లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. కింది కోర్టు జడ్జి అలా కాదు, తన రాష్ట్రం హైకోర్టు అదుపులోనే ఉంటారు. కాబట్టి ఇక్కడి కింది కోర్టు హిందీలోనే నడుస్తుంది. క్రిమినల్ కేసులో మాత్రం, ముద్దాయికి రాని భాషలో సాక్ష్యం చెబితే, కోర్టులోనే అతనికి అర్థమయ్యే భాషలో వినిపించాలని చట్టం ఉంది. అడగాలన్న సంగతే మనవాళ్లకు తెలీదు.

ఖమ్తరాయిలో, భన్‌పురిలో, రైల్వే కాలనీల్లో పుట్టి పెరిగి నల్లకోటు వేసుకున్న తెలుగు పిల్లల్లారా, మీకు రెండు భాషలూ వచ్చు. సంతకం పెట్టించే ముందు వకాల్తా తెలుగులో చదవండి. ఇంటిపేరు, పేరు రెండు వరసల్లోనూ రాయండి. ఏ కోర్టు, తర్వాత ఏం జరుగుతుంది అన్నది ఒక చీటీ మీద రాసివ్వండి. మెసేజి చదువు రానివాడికి పనికిరాదు.

ఆ కుర్రాణ్ణి సోమవారం నేనే కచహరీ చౌక్‌కి తీసుకెళ్తున్నాను. అక్కడ జిల్లా జడ్జి అధ్యక్షతన జిల్లా న్యాయసేవా సంస్థ ఉంది. 1987 నాటి చట్టం ప్రకారం ఫ్యాక్టరీ కార్మికుడికి, జీతం ఎంతైనా సరే, వకీలును ఉచితంగా పెట్టించే పూచీ వాళ్లది. ఆడవాళ్లకూ అంతే, ఎస్సీ, ఎస్టీలకూ అంతే. వెళ్లలేనివాళ్లు ఫోను చేయవచ్చు. నంబరు 15100.