అరుదుగారు

అమెరికాలో పాత బేస్‌బాల్ కార్డుల సంత ఏ హోటల్ హాల్లో జరిగినా ఆయన్ని ఇట్టే గుర్తుపట్టొచ్చు. అందరూ కార్డు చేతిలోకి తీసుకుని ఆటగాడి మొహం చూస్తారు. ఆయన తిప్పి వీపు చూస్తారు. అందరూ ధరెంతని అడుగుతారు. ఆయన "ఎన్ని అచ్చేశారు?" అంటారు. నడుముకు ఓ చిన్న సంచీ. అందులో నగల కొట్లో వాడే భూతద్దం, గట్టి ప్లాస్టిక్ తొడుగులు నాలుగు, అతినీలలోహిత టార్చి ఒకటి. వందేళ్ల నాటిదని చెప్పి ఎవరైనా నిన్న అచ్చయిన నకలు అంటగట్టబోతే దానిమీద టార్చి వేస్తారు. ఈ కాలపు కాయితంలో తెలుపు కోసం కలిపే రసాయనం ఆ వెలుగులో నీలంగా మెరిసిపోతుంది. అమ్మేవాడి మొహం మెరవదు.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. న్యూజెర్సీలో మా తెలుగువాళ్లం మాత్రం మాలో మాకు అరుదుగారు అనుకుంటాం. ప్రపంచంలో ఆయనొక్కరే అనుకునేరు. ప్రతి సంతకూ ఒక అరుదుగారు తప్పరు. 1980లో లాస్ ఏంజెలెస్‌లో మొదలై ఏటేటా జరుగుతున్న జాతీయ సంతకైతే గుంపులు గుంపులుగా వస్తారు. అరుదైన వాటి గురించి చెప్పేవాళ్లకు మాత్రం ఎక్కడా కరువు లేదు.

మొన్నామధ్య ఓ కుర్రాడు, బోనస్ డబ్బంతా పోసి, బేస్‌బాల్ దిగ్గజం మిక్కీ మాంటిల్‌ది, 1952లో టాప్స్ కంపెనీ వేసిన కార్డు కొన్నాడు. నాలుగు మూలలూ గుండ్రంగా అరిగి, నడిమధ్య మడత పడిన కార్డు. అయినా మాంటిల్ మాంటిలే. పొంగిపోతూ అరుదుగారికి చూపించాడు. ఆయన భూతద్దం పెట్టి తీరిగ్గా చూసి, "చాలా బావుంది బాబూ. డబుల్ ప్రింటేగా!" అని వెనక్కిచ్చారు.

ఆ ఒక్క మాటతో ఊరుకుంటే ఆయన అరుదుగారు ఎందుకవుతారు? కుర్చీ లాక్కుని లెక్క చెప్పారు. టాప్స్ కంపెనీ ఆ ఏటి కార్డుల్ని విడతలుగా వదిలింది. ఆఖరి విడత 311 నుంచి 407 దాకా, అంటే 97 బొమ్మలు. అచ్చు షీటులో గళ్లు 100. మూడు మిగిలాయి. డబ్బిచ్చి కొన్న అట్టమీద ఖాళీ గడి వదిలే అచ్చాఫీసు ఎక్కడా ఉండదు కాబట్టి, వరసలో మొదట ఉన్న ముగ్గుర్ని, మాంటిల్‌నీ జాకీ రాబిన్సన్‌నీ బాబీ థామ్సన్‌నీ, రెండోసారి కూడా దించేశారు. వీపున నంబరు వేసిన బంతి బొమ్మ ఉంటుంది. దానిమీద కుట్లు ఒక అచ్చులో ఎడమకీ, ఇంకో అచ్చులో కుడికీ తిరిగి ఉంటాయి. అంటే ఆ విడతలో మాంటిల్ బొమ్మలు తక్కినవాళ్ల బొమ్మలకు రెట్టింపు. పైగా మాంటిల్ తొలి కార్డు కూడా ఇది కాదు, అంతకు ముందటేడు బౌమన్ కంపెనీ వేసేసింది. అయినా 2022 ఆగస్టులో ఈ 1952 మాంటిల్ ఒకటి కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లు పలికింది. పక్క గళ్లో సగమే అచ్చయిన ఆటగాణ్ణి పలకరించే దిక్కులేదు. అరుదుగారి దృష్టిలో అమెరికా చరిత్రలో ఇంతటి అన్యాయం ఇంకోటి జరగలేదు.

ఆ విడతకే ఇంకో ఘట్టం ఉంది. అది దుకాణాలకు చేరేసరికి బేస్‌బాల్ సీజన్ ముగింపుకొచ్చింది, పిల్లల చూపు ఫుట్‌బాల్ వైపు మళ్లింది. పెట్టెలకు పెట్టెలు గిడ్డంగిలో పడి మూలిగాయి. చివరికి 1960లో వాటిని బల్లకట్టు మీదికెక్కించి అట్లాంటిక్‌లో పారబోయించానని, ఆ కార్డులకు రూపకర్త అయిన సై బెర్గర్ చెప్పుకునేవాడు. ఈ కథ చెబుతున్నప్పుడు అరుదుగారి గొంతులో విచారం వెతికినా దొరకదు. సముద్రం ఉన్న దిక్కుకు తిరిగి కాసేపు భక్తిగా నిలబడతారు. ఆ పెట్టెలు మునక్కపోతే ఆయనకు చెప్పుకోను ఏం మిగిలేది?

హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు పేరెత్తితే మాత్రం పెదవి విరుస్తారు. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టిన బొమ్మల్లో ఒకటి అది. వాగ్నర్ అభ్యంతరం చెప్పడంతో అచ్చు మధ్యలో ఆపేశారు. పిల్లలు పొగాకు కొనకూడదని అన్నాడని కొందరు, తనకు డబ్బివ్వలేదని అన్నాడని కొందరు. వాగ్నర్ మాత్రం పొగాకు నమిలేవాడు. ఇవాళ లోకంలో ఆ బొమ్మలు యాభై అరవై దాకా ఉన్నాయి. "యాభై అరవై ఉన్నదాన్ని అరుదంటారండీ? మా వీధిలో అన్ని ఇళ్లు లేవు!" అంటారు అరుదుగారు. ఆ యాభై అరవైలోకెల్లా పేరుమోసిన దాన్ని హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ 1991లో భాగస్వామితో కలిసి 4,51,000 డాలర్లకు కొన్నాడు. కార్డుల నాణ్యతకు మార్కులు వేసే పీఎస్ఏ సంస్థ మార్కులిచ్చిన మొట్టమొదటి కార్డు అదే. దాని అంచులు తానే కత్తిరించానని, దాన్ని మొదట చేతులు మార్చిన వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు. కత్తిరించినా విలువ తగ్గలేదు. అరుదుగారి రక్తపోటు మాత్రం పెరిగింది.

ఆ సిగరెట్ బొమ్మల్లో ఆయనకిష్టమైనది జో డోయిల్. ఎవరాయన అంటారా? ఎవరూ అనరు, అదే అరుదుగారి బాధ. అప్పట్లో న్యూయార్క్ పేరుతో రెండు పెద్ద జట్లు, రెండింట్లోనూ ఒక్కో డోయిల్. బొమ్మ గీసింది ఈ లీగ్ డోయిల్‌ది, కింద రాసింది ఆ లీగ్ పేరు. తప్పు తెలుసుకుని లీగ్ పేరు చెరిపేశారు. చెరపకముందు అచ్చయినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఒక గుమాస్తా పరాకు వల్ల పుట్టిన బొమ్మ అన్నమాట. ఆ గుమాస్తా ఊరూ పేరూ దొరికితే విగ్రహం పెట్టిస్తానంటారు అరుదుగారు.

అసలు సంగతి ఇంకా రాలేదు. ఆయన కళ్లు తడి అయ్యేది 1933 గౌడీ కార్డుల దగ్గర. బోస్టన్‌లో బబుల్‌గమ్ అమ్మిన కంపెనీ అది. మొత్తం 240 బొమ్మలని లెక్క. పిల్లలు పైసా పైసా కూడబెట్టి గమ్ కొంటున్నారు, నములుతున్నారు, దవడలు పీకుతున్నాయి, 106వ నంబరు మాత్రం రావట్లేదు. ఎలా వస్తుంది? దాన్ని అచ్చేస్తేగా! ఒక్కటి తగ్గితే దానికోసం కొంటూనే ఉంటారని కంపెనీ ఎత్తు. ఇది పసిగట్టి కొందరు నిలదీస్తూ ఉత్తరాలు రాశారు. అప్పుడు 1934లో కొత్త షీట్ల మధ్య ఇరికించి నెపోలియన్ లజొవే బొమ్మ అచ్చేసి, రాసిన వాళ్లకు మాత్రం జాబుకు జెమ్ క్లిప్పుతో తగిలించి పోస్టులో పంపారు.

ఓసారి ఒక పెద్ద వ్యాపారి బల్లమీద ఆ కార్డు కనిపించింది. అరుదుగారు నా భుజం పట్టుకుని వంచి, దీపం కిందకు కార్డును ఏటవాలుగా తిప్పించి చూపించారు. పై అంచున పొడుగాటి నొక్కు, చివర గుండ్రంగా తిరిగి, దాని పక్కనే ఆవగింజంత తుప్పు మరక. ఇంకెక్కడైనా అయితే అది మార్కులు కోసే లోపం. ఇక్కడ ఆ క్లిప్పు గాయమే పుట్టుమచ్చ. "చూశారా, కంపెనీవాడు స్వయంగా తగిలించిన క్లిప్పు!" అన్నారు. ఆయన చూపు ఆటగాడి మొహం దాకా పోనే లేదు.

ఆ కార్డు కొనే తాహతు ఆయనకు లేదు. ఇంట్లో ఉన్న గౌడీ ఆల్బమ్‌లో 239 కార్డులు, ఒక ఖాళీ జేబు. చూసినవాళ్లు అయ్యో ఒక్కటే తక్కువైందే అని జాలిపడితే ఆయనకు మహా కోపం. "తక్కువేమిటి? 1933లో ఏ పిల్లాడైనా ఎన్ని గమ్‌లు కొన్నా చేతికొచ్చినవి ఇవే. నాదే అసలైన పూర్తి సెట్టు. 240 ఉన్నవాళ్లది కల్తీ!" అని వాదిస్తారు. జవాబు చెప్పగలిగిన వాణ్ణి నేనింతవరకు చూడలేదు.

అలాంటి వాదనలు ఆయన దగ్గర ఇంకా ఉన్నాయి. 1952 టాప్స్‌లో ఒకటో నంబరు ఆండీ పాఫ్కో. పిల్లలు కార్డుల్ని వరసలో పేర్చి రబ్బరు బ్యాండు బిగించేవాళ్లు కనుక కోతంతా పైనున్న పాఫ్కోకే. అందుకే నలగని పాఫ్కో దొరకడం గగనం. అరుదుగారి పాఫ్కోకు రెండు పక్కలా బ్యాండు కోసిన గాట్లున్నాయి. చవగ్గా దొరికిందని కొన్నారు, ఇప్పుడు చరిత్ర అంటున్నారు.

ఆయన వయసు మగవాళ్లందరిలాగే ఆయనా చిన్ననాటి కార్డుల్ని వాళ్లమ్మ చెత్తబుట్టలో పారేసిందని చెబుతారు. తక్కినవాళ్లు ఆ మాట ఏడుస్తూ చెబుతారు. ఈయన లెక్కవేసి చెబుతారు. తల్లులు పారేయకపోతే, యుద్ధకాలంలో పాత కాయితాలు పోగుచేసి ఇవ్వకపోతే, పిల్లలు సైకిల్ చక్రాల పుల్లల మధ్య కార్డులు గుచ్చి టకటకలాడించకపోతే, ఇవాళ ఇవి కిలోల్లెక్కన దొరికేవి. "మా అమ్మ దేశానికి మేలు చేసింది" అంటారు. భార్య ఆ మాట పట్టుకుని "అయితే నన్నూ ఓ అల్మరా మేలు చెయ్యనివ్వండి" అంటుంది. అప్పుడు మాత్రం ఆయన మాట మారుస్తారు.

పొద్దున్నే కాఫీతో పీఎస్ఏ జాబితా తెరుస్తారు. ఏ కార్డుల్లో ఎన్నిటికి ఎన్నేసి మార్కులు వచ్చాయో అందులో ఉంటుంది. తన కార్డు పక్కన నిన్నటి అంకె పెరగకుండా ఉంటే ఆ రోజు ఇంట్లో అందరికీ సుఖం. ఒకటి పెరిగిందో, ఎవడో మార్కులు నచ్చక కార్డును సీలు చేసిన డబ్బా పగలగొట్టి అదే కార్డును మళ్లీ పంపి ఉంటాడని, రెండుసార్లు లెక్కకెక్కిందని మధ్యాహ్నం దాకా రుజువులు చూపిస్తారు. నిజంగా అలా జరుగుతుంది కూడా. కొత్తవి దొరికితే మాత్రం ఆ సాకు పనిచేయదు. 2012లో ఒహాయోలోని డిఫయన్స్ అనే ఊళ్లో ఓ పాతింటి అటకమీద, 1910 ప్రాంతపు కార్డులు సుమారు 700, నిన్న అచ్చయినట్టు దొరికాయి. దేశమంతా చప్పట్లు కొట్టింది. అరుదుగారు ఇంట్లో మనిషి పోయినట్టు కూర్చున్నారు. "అటకలు వెతకొద్దని చట్టం తేవాలండీ" అన్నారు.

ఆయనకు జాలి కలిగేది ఒక్క మావాళ్ల మీదే. గరాజ్ సేల్‌లో 1989, 90 నాటి సీలు విప్పని పెట్టెలు కొని, పిల్లల కాలేజీ ఫీజుకు పనికొస్తాయని మెట్ల కింద దాచే తెలుగువాళ్లు నాకు తెలిసే కొందరున్నారు. ఆ రోజుల్లో కంపెనీలు రాత్రీ పగలూ అచ్చేశాయి, జనం ఒక్కటీ పారేయకుండా దాచారు. అందరూ దాచినదానికి ధరేముంటుంది? అరుదుగారు పెట్టెమీద చెయ్యివేసి, "ఫీజుకు కాదుగానీ, పుస్తకాల అర ఊగకుండా కింద పెట్టుకోండి" అని నెమ్మదిగా చెబుతారు. ఇప్పటి కంపెనీలు ప్రపంచంలో ఇదొక్కటే అని కార్డుమీదే అచ్చేసి అమ్ముతున్నాయి. అవి ఆయనకు గిట్టవు. అనుకుని చేస్తే అందులో గొప్పేముంది, పొరపాటున జరగాలిగానీ, అంటారు.

మావాడు స్కూలు జట్టులో ఆడతాడు. ఓ ఆదివారం ఆ 239 కార్డుల ఆల్బమ్ తిరగేస్తూ, ఖాళీ జేబు దగ్గర ఆగి, "ఈ లజొవే బాగా ఆడేవాడా?" అనడిగాడు. అరుదుగారు ఉలిక్కిపడ్డారు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "1937లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నుకున్నారు కనుక ఆడే ఉంటాడు అబ్బాయ్" అన్నారు. "అయినా బాగా ఆడినవాళ్లకేం కొదవ? పొట్లంలో రానిది ఆయనొక్కడేగా!"