ఓల్టేజి లేదండీ!

కొత్త ఎయిర్ కంప్రెషర్‌కి వచ్చే జబ్బు ఒక్కటే. దాన్ని కనిపెట్టడానికి అమ్మినాయన మిషను చూడక్కర్లేదు, మూత విప్పక్కర్లేదు, షాపు కుర్చీలోంచి లేవక్కర్లేదు. ఫోన్లో మీరు "అన్నా, మోటారు..." అనేలోపే తీర్పు వచ్చేస్తుంది. "మీ దగ్గర ఓల్టేజి లేదండీ." మోటారు గూఁ అని మూలిగి ఆగిపోతోందా? ఓల్టేజి. ట్యాంకు నిండట్లేదా? ఓల్టేజి. కింద నూనె కారుతోందా? ఒక్క క్షణం ఆలోచిస్తాడు. అదీ ఓల్టేజే.

పామేడులో ఈ మాట మరీ బాగా చెల్లుతుంది. బీజాపూర్ జిల్లా, ఉసూరు బ్లాకు, ఛత్తీస్‌గఢ్‌కి ఒక కొస. దాటితే తెలంగాణ, చర్ల మండలం. సొంత జిల్లా కేంద్రానికి పోవాలన్నా చర్ల మీదుగా పక్క రాష్ట్రం చుట్టి పోవాల్సి వచ్చిన ఊరు, ఏళ్ల తరబడి. ఇక్కడ ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, ట్రాక్టరు టైర్లకు గాలి కొడదామనో తలుపులకు రంగు కొడదామనో కంప్రెషర్ కొనాలనుకునేవాడికి బజారంటే చర్ల, పెద్ద బజారంటే భద్రాచలం. ఊరి పేరు చెప్పగానే ఫోను అవతల గొంతులో జాలి పొంగుతుంది. "పామేడా? అయ్యో, అక్కడి కరెంటు సంగతి మాకు తెల్వదా అన్నా!" తెలుసన్నమాట. తెలిసే రెండు హెచ్‌పీ మోటారు అంటగట్టావన్నమాట. డబ్బులు లెక్కపెట్టుకునేటప్పుడు గుర్తురాని ఓల్టేజి, ఫోను మోగేసరికి ఎలా గుర్తొచ్చిందో!

ఆడలేక మద్దెల ఓడు అనడం మనకు కొత్త కాదు. ఇక్కడి చిక్కేమిటంటే, మద్దెల నిజంగానే కొంచెం ఓడు. లైను చివరన ఉన్న ఊళ్లలో దీపాలు పెట్టే వేళకు ఓల్టేజి పడిపోతుంది, ఆ మాట ఎవరూ కాదనరు. ఇండక్షన్ మోటారుకు అది ఎంత కష్టమో లెక్క కూడా ఉంది. మొదలయ్యేటప్పుడు మోటారు తిప్పే బలం ఓల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 ఉండాల్సిన చోట 180 ఉందనుకోండి. తగ్గింది ఐదో వంతు పైచిలుకే, కానీ బలం నూటికి 61 వంతులే మిగులుతుంది. అందుకే ఈ సాకు ఇన్నేళ్లుగా నిలబడింది. పూర్తి అబద్ధమైతే ఎప్పుడో పట్టుబడేది.

అయితే ఓల్టేజి దయ్యం కాదు కదా, ఉందో లేదో సోదె చెప్పించుకోవడానికి! కొన్ని వందలు పెడితే మల్టీమీటరు వస్తుంది. ఓల్టేజి లేదని తేల్చిన మహానుభావుల్లో ఒక్కరైనా "ఇంత ఉంది, ఇంత ఉండాలి" అని అంకె చెప్పారా? ఇంటికొచ్చిన మెకానిక్ జేబులోంచి తీసేది టెస్టరు. పిడిలో బుల్లి దీపం ఉండే స్క్రూడ్రైవరు. 230కీ వెలుగుతుంది, 150కీ వెలుగుతుంది. దాన్ని ప్లగ్గు కన్నంలో పెట్టి, కళ్లు చిట్లించి చూసి, "లో ఓల్టేజి" అని నిట్టూర్చడం మాత్రం విద్యే. ఏ ఐటీఐలోనూ నేర్పరు.

మీటరు ఉన్నవాళ్లది ఇంకో తమాషా. మోటారు ఆపి కొలుస్తారు. 225 చూపిస్తుంది. "కరెంటు బంగారంలా ఉంది, మిషనే దొంగది" అంటారు. అసలు చూడాల్సింది స్విచ్చి వేసిన ఆ రెండు మూడు సెకన్లు. తిరుగుతున్నప్పుడు సుమారు పది ఆంపియర్లు లాగే రెండు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, మొదలయ్యేటప్పుడు దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఇంటి మీటరు దగ్గర్నుంచి వెనక షెడ్డుకి ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు 30 మీటర్లు లాగారనుకోండి. పోను రాను 60 మీటర్లు, నిరోధం ఒక ఓమ్ దాటుతుంది. 50 ఆంపియర్లు లాగిన క్షణాన 50 ఓల్టులకు పైగా దారిలోనే పోతాయి. అదే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది 22. అంటే కరెంటు ఆఫీసు వాళ్లు పంపిన ఓల్టేజిని మన ఎక్స్‌టెన్షన్ బాక్సే మింగేసింది. "చూశారా, తప్పు మీదే!" అని అమ్మినాయన చప్పట్లు కొట్టవచ్చు. కొట్టనివ్వండి. ఇంత మందం వైరు లాగండి అన్న ఒక్క ముక్క బిల్లు రాసేటప్పుడు చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

ఇక ఓల్టేజితో సంబంధం లేని రోగాలు. ట్యాంకు ఖాళీ చేసి స్విచ్చి వేయండి. ఖాళీ ట్యాంకుతోనూ మూలుగుతుంటే అప్పుడు ఓల్టేజిని, కండెన్సర్‌ని అనుమానించాలి. ఖాళీగా ఉన్నప్పుడు హాయిగా తిరిగి, ట్యాంకులో ఆరు బార్లు ఉన్నప్పుడు మాత్రం మొండికేస్తే కథ వేరు. ట్యాంకు నిండి మోటారు ఆగినప్పుడు ప్రెషర్ స్విచ్ దగ్గర "తుస్సు"మని చిన్న చప్పుడు రావాలి. పిస్టన్ తల మీద, పైపులో మిగిలిన గాలిని అన్‌లోడర్ వాల్వు వదిలేసే చప్పుడది. అది రాలేదంటే గాలి అక్కడే ఇరుక్కుంది. మళ్లీ మొదలవ్వాలంటే మోటారు ఆ ఒత్తిడిని నెట్టుకుంటూ లేవాలి, లేవలేదు. తుస్సు ఆగకుండా వస్తూనే ఉంటే ట్యాంకు నోటి దగ్గర గాలిని వెనక్కి రానివ్వని వాల్వు, అదే ఎన్‌ఆర్‌వీ, మూసుకోలేదని అర్థం, ట్యాంకులో గాలి వెనక్కి వచ్చేస్తోంది. చెవి పెట్టి వింటే చాలు. విషాదమేమిటంటే మోటారు ఆగినప్పుడు వచ్చే ఆ చిన్న తుస్సు విని "కొత్త మిషను లీకవుతోంది" అని మంచి దాన్ని విప్పేవాళ్లే ఎక్కువ.

డబ్బాలోంచి తీసిన రోజు జరిగే ప్రహసనాలు వేరే ఉన్నాయి. చాలా మిషన్లు నూనె లేకుండానే వస్తాయి, నూనె కన్నానికి రవాణా బిరడా బిగించి ఉంటుంది. అది తీసి, గాలి ఆడే మూత పెట్టాలి. పెట్టకపోతే క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగి నూనె సీళ్ల సందుల్లోంచి బయటికొస్తుంది. ట్యాంకు అడుగున నీళ్లు వదిలే కాక్ తెరిచే ఉంటుంది, సగం రోజు మోటారు తిప్పినా ముల్లు లేవదు. ఈ సంగతులు చెప్పే కాగితం డబ్బాలోనే ఉంటుంది, ఇంగ్లీషులో, ఆవగింజంత అక్షరాల్లో. పామేడులో కోయ వచ్చు, తెలుగు వచ్చు, హిందీ వచ్చు. ఆ మూడింట్లో ఒక్కదాంట్లోనూ లేదు.

ఈలోగా ఊరి నిపుణులు చేరతారు. ఒకాయన బెల్టు బిగించమంటాడు, ఇంకొకాయన పెద్ద కండెన్సర్ వేయమంటాడు. మూడో ఆయన ప్రెషర్ స్విచ్ మీది స్ప్రింగు బోల్టు తిప్పి "పది బార్లకి పెట్టా, చూడండి" అంటాడు. వీళ్లను నవ్వి వదిలేయవచ్చు. సేఫ్టీ వాల్వు పదే పదే లేస్తోందని దాని స్థానంలో బోల్టు బిగించే నాలుగో ఆయన్ని మాత్రం వదలకూడదు. చేతిలో స్పానరు లాక్కుని గేటు బయటికి పంపాలి. ఆ ట్యాంకు పగిలితే రేకుల షెడ్డు ఆగదు, పక్కన నిలబడ్డవాడు మిగలడు. దీనికి వ్యంగ్యం పనికిరాదు.

హెచ్‌పీ, అంటే గుర్రపు శక్తి, సంగతికి వద్దాం. 18వ శతాబ్దపు చివర్లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాలు అమ్ముకోవడానికి ఈ కొలత పెట్టాడు, నిమిషానికి 33,000 అడుగు పౌండ్లని. మామూలు గుర్రం రోజంతా చేయగలిగిన దానికన్నా అది ఎక్కువ. కొన్నవాడు గుర్రాన్ని తెచ్చి పోటీ పెట్టినా యంత్రం ఓడకూడదు మరి! కొన్నవాడికి అనుకూలంగా గుర్రాన్ని పెంచిన వ్యాపారి ఆయన. మనవాళ్లు స్టిక్కర్ మీద గుర్రాల్ని పెంచుతున్నారు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. మూడు హెచ్‌పీ అంటే బయటికిచ్చేదే 2,238 వాట్లు, లోపలికి తీసుకునేది ఇంకా ఎక్కువ. ఆరు ఆంపియర్ల చిన్న ప్లగ్గులోంచి 230 ఓల్టుల దగ్గర వచ్చేది 1,380. చిన్న ప్లగ్గు తగిలించి మూడు హెచ్‌పీ అని రాసిన మిషను ఎక్కడైనా కనిపిస్తే, మిగతా గుర్రాలు ఏ దారిన వస్తాయో షాపులో అడగండి. అమెరికాలో గడ్డి కోసే యంత్రాల మీద హెచ్‌పీ పెంచి రాశారని కొన్నవాళ్లు కోర్టుకెక్కితే, 2010లో మిల్వాకీ ఫెడరల్ కోర్టు రాజీ ఆమోదించింది. పామేడు పేరున 1983 నుంచి అడవి గేదెల అభయారణ్యం ఉంది. గుర్రాలెందుకు, ఇక్కడ గేదెల లెక్కన రాసినా నమ్మేవాళ్లమేమో.

గాలి లెక్క కూడా ఇంతే. కేటలాగులో రాసే సీఎఫ్‌ఎం (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులని) సాధారణంగా పిస్టన్ ఊడ్చే జాగా, ట్యాంకులోకి చేరే గాలి కాదు. గడియారం ఉంటే చాలు, నిజం తెలుస్తుంది. 50 లీటర్ల ట్యాంకులో ముల్లు ఆరు బార్ల నుంచి ఎనిమిదికి చేరితే లోపలికి వెళ్లిన గాలి 100 లీటర్లు. దానికి నిమిషం పట్టిందా, మీ మిషను ఇచ్చేది మూడున్నర సీఎఫ్‌ఎం. చాలా స్ప్రే గన్లకు దానికి రెట్టింపు కావాలి. తలుపు మధ్యలో రంగు తుంపర్లుగా చిమ్మితే అది ఓల్టేజి కాదు బాబూ, తూనికల్లో మోసం.

వారంటీ అడిగితే రాష్ట్రం అడ్డొస్తుంది. "మీది ఛత్తీస్‌గఢ్ కదండీ, మా ఏరియా కాదు." 2017 జూలై 1 నుంచి దేశమంతటికీ ఒకే జీఎస్టీ. బిల్లులో పన్ను నిక్షేపంగా సరిహద్దు దాటింది, వారంటీ చర్ల దగ్గరే ఆగిపోయింది. కాదు కూడదంటే "మిషను తెచ్చివ్వండి" అంటారు. బెల్టు కంప్రెషర్‌ని ఆటోకెక్కించి భద్రాచలం దాకా తెస్తే, అక్కడ నిండు ఓల్టేజి మీద స్విచ్చి వేసి చూపిస్తారు. తిరుగుతుంది. "చెప్పాంగా!"

కాబట్టి కొనేవాళ్లకు ఒక విన్నపం. ఓల్టేజి లేదన్నవాణ్ణి, మోటారు మొదలయ్యేటప్పుడు ఎంత ఉందో మీ ముందు కొలిచి, ఆ అంకె కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. అంకె రాయని పక్షంలో బిల్లు, వారంటీ కార్డు చేతిలో పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయండి. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం షాపు ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు ఉంటున్న చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునే మిషనైనా సరే. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.