వత్తుల్లేని శాసనం

మా తుళ్లూరులో సాయంత్రం ఐదింటికి మీటింగ్ అంటే ఐదున్నరకు కుర్చీలవాడు వస్తాడు, ఆరింటికి మైకువాడు వస్తాడు, ఆరున్నరకు "జనం వచ్చారా?" అని ఫోన్ చేసి కనుక్కుని అధ్యక్షుడు బయల్దేరతాడు. మాజీ సైనికుల సంఘం మీటింగ్ మటుకు అలా కాదు. అధ్యక్షుడు నాలుగూ యాభైకే వచ్చి, ఐదూ ఒకటికి గేటుకు గొళ్లెం పెట్టేస్తాడు. లోపల ఆయన ఒక్కడే ఉంటాడు. కోరం బయట ఉంటుంది. గేటుకు అటు సభ్యులూ ఇటు అధ్యక్షుడూ నిలబడి తీర్మానాలు చేసిన రోజులున్నాయి.

ఆ అధ్యక్షుడే మా మిలటరీ బాబాయి. అసలు పేరు రేషన్ కార్డులో ఉంది, ఊళ్లో ఎవరికీ అక్కర్లేదు. ఇలాంటాయన మీ ఊళ్లోనూ ఒకరుంటారు. పంచె కట్టే వయసొచ్చినా ప్యాంటు మీద బెల్టు విప్పడు. పట్టపగలు కూడా జేబులో టార్చిలైటు ఉంటుంది. పెళ్లి భోజనాల దగ్గర ఎవరూ అడక్కపోయినా లైను కట్టిస్తాడు. కోపమొస్తే హిందీలోకి దిగుతాడు. ఆ హిందీ విని తెలుగువాళ్లు జడుసుకుంటారు, హిందీవాళ్లు మాత్రం తెలుగేమో అనుకుంటారు. మిలటరీ క్యాంటీన్‌కు వెళ్లొచ్చిన రోజు సాయంత్రం ఊరి పెద్దలకు ఆయన దేశసేవ గుర్తొస్తుంది, పలకరించడానికి వస్తారు. బాబాయి తాగడు. కోటా వదలడు, చుక్క ఎవరికీ పొయ్యడు. మోకాళ్లకు రాసుకుంటాడు. ఊళ్లో సగం మంది ఆ మోకాళ్లను చూసి అసూయపడుతుంటారు.

1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. నెల తిరక్కుండా బాబాయి పట్టాళంలో చేరాడు. "నేనొస్తున్నానని తెలిసే ఆపేశారు" అంటాడు. 1996లో హవల్దారుగా దిగిపోయాడు, మూడేళ్లకు కార్గిల్ యుద్ధం వచ్చింది. "నేను వెళ్లిపోయానని తెలిసే మొదలెట్టారు" అంటాడు. నడుమ ఇరవై నాలుగేళ్లు ఆర్మీ సర్వీస్ కోర్‌లో లారీ తోలాడు. జబల్పూరు ఫ్యాక్టరీలో తయారైన ఆ లారీ పేరు శక్తిమాన్. ఆయన ఊరికొచ్చిన కొత్తలోనే, 1997లో, టీవీలో అదే పేరుతో సీరియల్ మొదలైంది. శక్తిమాన్ తోలినాయన మన ఊళ్లోనే ఉన్నాడని తెలిసి పిల్లలంతా వాకిట్లో చేరి, ఒక్కసారి గిరగిరా తిరగమని ఆయన్ని బతిమాలారు.

యుద్ధం అసలు చూడలేదా అంటే, చూశాడు. 1987లో శాంతి సేనతో పాటు శ్రీలంక వెళ్లాడు. జాఫ్నాలో మనవాళ్లు చేసిన దాడికి ఆపరేషన్ పవన్ అని పేరు. ఓసారి హైస్కూల్లో ఆ మాట చెబితే వెనక బెంచీల కుర్రాళ్లు కొత్త సినిమా అనుకుని ఈలలేశారు. 1990 మార్చిలో ఆఖరి దళం తిరిగొచ్చేలోపు వెయ్యిమందికి పైగా మనవాళ్లు అక్కడే పోయారు. అక్కడి సంగతులు అడిగితే బాబాయి రోడ్ల గుంటలు, డీజిలు, కొబ్బరినూనె వంటలు చెబుతాడు. ఇంకొంచెం అడిగితే టార్చిలైటు బ్యాటరీలు మార్చడం మొదలుపెడతాడు.

ఈ సంఘానికి నేను జాయింట్ సెక్రటరీని. నాకున్న సైనిక అర్హత ఎన్‌సీసీ "బి" సర్టిఫికెట్. "నీకు తెలుగు రాయడం వచ్చు, మాకు రాదు. ఫాలిన్!" అన్నాడు బాబాయి. అయిపోయింది.

సంఘం పెట్టిందే స్మారకం కోసం. చచ్చిపోయిన వీరుడికి రాయి నిలపడం మా వైపు కొత్త సంగతేం కాదు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు పల్నాటి వీరులను కొలుస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకొక తంతు. వీరుల గుడిలో రాళ్లకే దండాలు. "వాళ్లకు ఎనిమిది వందల ఏళ్లకు పైగా జరుగుతుంటే మనవాళ్లకు ఒక్క రాయి లేదా?" అంటాడు బాబాయి. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం చూసొచ్చాక ఆయనకు వారం రోజులు అన్నం సయించలేదు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరది. "ఆ ఊరికి ఇంటిపేరే మిలటరీ రా. మనకు?" అన్నాడు. మనకు మీరున్నారుగా బాబాయ్ అన్నాను. కాస్త తేరుకున్నాడు.

ఆలస్యమైందని నేనెప్పుడన్నా నసిగితే ఢిల్లీ చూపిస్తాడు. జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న గానీ తెరవలేదు. "స్వాతంత్ర్యం వచ్చిన డెబ్బై ఏళ్లకు ఢిల్లీకే తెమిలింది. తుళ్లూరుకు తొందరేంది?"

ఎలాంటి స్మారకం అన్నదాని మీద మూడు మీటింగులు నడిచాయి. సంఘంలో నేవీ ఆయన ఒకరున్నారు, ఎయిర్‌ఫోర్స్ ఆయన ఒకరున్నారు. విశాఖ బీచిరోడ్డులో కురుసుర జలాంతర్గామినే ఒడ్డుకు తెచ్చి పెట్టారు, దాని ఎదురుగా టీయూ-142 విమానాన్ని పెట్టారు కాబట్టి మనమూ కనీసం బొమ్మలన్నా పెట్టాలన్నది వాళ్ల వాదన. "పైన విమానం, కింద లంగరు" అన్నారు నేవీ ఆయన. పట్టాళంలో వంటశాలను లంగర్ అంటారు. ఇరవై ఏళ్లు అక్కడే గరిటె తిప్పినాయన అప్పటిదాకా కునుకుతున్నవాడల్లా లేచి, "లంగర్ పెడితే నేనొక్కణ్ణీ చెయ్యలేను, ఇద్దరు మనుషుల్నియ్యాలి" అన్నాడు. ఆ తర్వాత చర్చ మెనూ మీదికి పోయింది.

జాగా గురించి అడక్కండి. 2015లో రాజధాని భూసమీకరణ కింద 29 గ్రామాల్లో 30 వేల ఎకరాలకు పైగా రైతులిచ్చారు. పత్తి చేలు, మిరప చేలు పోయి ప్లాటు నంబర్లు వచ్చాయి. ఇదివరకు "చెరువు కింద ముక్క" అనేవాళ్లం, ఇప్పుడు మ్యాపు చూసి వేలు పెట్టాలి. బాబాయి వేలు పెట్టిన మొదటి చోటు రోడ్డయింది. రెండోది పార్కు. మూడోది ఏమైందో మ్యాపులో రంగు అర్థం కాలేదు. చివరికి సంఘం సభ్యుడొకాయన తన ఇంటి ముందు ఖాళీలో, వేపచెట్టు పక్కన, మూడడుగుల చోటిచ్చాడు.

ఇక రాయి. చీమకుర్తి నల్లరాయి కావాలన్నాడు బాబాయి. గెలాక్సీ గ్రానైట్ అని దేశదేశాలకు ఎగుమతయ్యే రాయి, మన ప్రకాశం జిల్లాదే. గుంటూరు రోడ్డులో రాళ్ల కొట్టుకు వెళ్లాం. కొట్టాయన టేపు తీసి, "ఎన్నడుగులన్నా? సింకు ఎటువైపొస్తది?" అన్నాడు.

"సింకేంది?"

"వంటగది గట్టుకే గదా?"

బాబాయి సావధాన్‌లోకి వెళ్లిపోయాడు. నేను మధ్యలోకి జొరబడి, ముందురోజు రాత్రి చెమటోడ్చి రాసిన కాగితం ఇచ్చాను: మాతృభూమి సంరక్షణార్థం ప్రాణత్యాగం చేసిన అమర జవాన్ల స్మృత్యర్థం.

చెక్కేవాడు చెవిలో పెన్సిలు తీసి లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఆఖరి మాట దగ్గర ఆగిపోయాడు. "అన్నా, ఈ మాటొక్కటే మూడంతస్తులుంది. అక్షరానికి ఒక రేటు, వత్తుకు అందులో సగం. సున్నా ఫ్రీ."

"వత్తుకు డబ్బులేందిరా! మల్కాపురం శాసనం చూశావా నువ్వు?" అన్నాడు బాబాయి. మందడం పక్కనే ఉంది ఆ రాతి స్తంభం. కాకతీయ రుద్రమదేవి కాలంది, 1261లో చెక్కింది. చాలా భాగం సంస్కృతం, ఎటు చూసినా వత్తులే. "ఏడొందల అరవై ఏళ్ల కిందట వాడు వత్తులకు వేరే కూలి అడిగాడా?"

చెక్కేవాడు తొణకలేదు. "ఆ శాసనంలో మందడం ఊరే గురువుగారికి రాసిచ్చారంట గదన్నా. అంత చేతి రాజులు కూలి తగ్గిస్తారా? మీరూ ఒక ప్లాటు రాసియ్యండి, వత్తులన్నీ ఉచితంగా కొడతా."

తుళ్లూరు ప్లాటు ధర తెలిసినవాడెవడూ ఆ బేరానికి జవాబివ్వడు. బాబాయి నావైపు తిరిగి, "వత్తుల్లేకుండా రాయరా అబ్బాయ్" అన్నాడు. కొట్టు ముందు బల్ల మీద కూర్చుని గంటసేపు తీసేశాను. మాతృభూమి పోయింది, సంరక్షణ పోయింది, ప్రాణత్యాగం పోయింది. చివరికి మిగిలింది ఇది: మన ఊరి వీరుల గురుతు. పది అక్షరాలు, ఒక్క వత్తు లేదు. ముప్పై ఏళ్లుగా రాస్తున్నాను, ఏ సంపాదకుడూ నన్ను ఇంత బాగా దిద్దలేదు.

చందాలకు తిరుగుతుంటే ఒక రియల్ ఎస్టేట్ కుర్రాడు మొత్తం ఖర్చు తనే పెట్టుకుంటానన్నాడు, కింద వాళ్ల వెంచరు పేరు వేస్తే చాలట.

"నీ వెంచరు కోసం ఎవరన్నా చచ్చిపోయారా?" అన్నాడు బాబాయి.

"లేదంకుల్."

"అయితే పేరు పడదు."

ఆ రూలుతో సంఘంలోనూ సగం ఉత్సాహం చచ్చింది. తమ పేర్లే పడతాయని పింఛనులోంచి చందాలిచ్చిన వాళ్లు చాలామంది ఉన్నారు. ఒకాయన, పాత క్లర్కు, "పేరు వెయ్యకపోతే మానె, కాస్త చోటన్నా వదిలిపెట్టండి" అని అర్జీ రాసిచ్చాడు. తెలివైన అర్జీ. చోటు వదిలాం.

మరి ఎవరి పేర్లు చెక్కాలి? బాబాయి నోటుబుక్కు పట్టుకుని మందడం, రాయపూడి, నెక్కల్లు, పెదపరిమి తిరిగాడు. వెనక బండి తోలింది నేను. ఒక ఇంట్లో ఎనభై దాటిన పెద్దావిడ మా మాటలన్నీ విని, లోపలికెళ్లి పోపులపెట్టె తెచ్చింది. మెంతుల గిన్నెలోంచి ఆరు కోణాల ఇత్తడి నక్షత్రం ఒకటి తీసి ఇచ్చింది. రిబ్బను ఎప్పుడో పోయింది. ఆవాలు, మెంతుల వాసన. వేలితో రుద్దితే నల్లటి మరకల కింద అక్షరాలు కనిపించాయి. బర్మా స్టార్, రెండో ప్రపంచ యుద్ధం నాటిది.

"మా మామది. పోస్టులో వచ్చిందంట. ఆయన రాలా. పిల్లలకు దిష్టి తగలకుండా మొలతాడుకు కట్టేవోళ్లం" అంది.

బాబాయి లేచి ఆ పోపులపెట్టెకు సెల్యూట్ కొట్టాడు. ఆవిడ కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది.

"ఆయన పేరేందమ్మా?"

అక్కడ బండి ఆగిపోయింది. మామగారి పేరు ఆవిడ నోటితో పలకదు. "కొండ మీద దేవుడి పేరే" అంది. ఏ కొండ? మంగళగిరా, కోటప్పకొండా? ఆవిడ నవ్వి తలూపింది. ఏ కొండకు ఊపిందో మాకు తేలలేదు. హైదరాబాదులో ఉన్న మనవడు పాత కాగితాలు వెతుకుతానన్నాడు. ఇప్పటికీ వెతుకుతున్నాడు.

ఆవిష్కరణకు జనవరి 14 ఖాయం చేశాం. మాజీ సైనికుల దినోత్సవం అది. మొదటి భారతీయ సర్వసేనాని కరియప్ప 1953లో ఆ రోజే పదవీ విరమణ చేశాడు. మనకేమో ఆ తేదీ ఏటా భోగో సంక్రాంతో అవుతుంది. కరియప్పది కొడగు కాబట్టి సరిపోయింది, తుళ్లూరు అయితే అల్లుళ్లొచ్చే రోజున రిటైరవుతాడా? ఆ ఏడు భోగి పడింది. పొద్దున్నే ఆరింటికి అని కార్డులు వేశాం.

దిమ్మె పోయడానికి సెంటరింగు చెక్కలు ముందురోజు సాయంత్రమే తెచ్చి వేపచెట్టు కింద పేర్చాం. భోగి తెల్లవారుజామున వెళ్లి చూస్తే చెక్కల్లేవు. వీధి చివర మంట మాత్రం బ్రహ్మాండంగా లేచింది. చుట్టూ మా పిల్లలే. బాబాయి అరిచిన హిందీకి మంట కూడా ఒక అడుగు వెనక్కి వేసింది.

దిమ్మె లేదు. రాయిని చెట్టుకు ఆనించి నిలబెట్టాం. బ్యూగిల్ ఊదేవాడు లేక పెళ్లి బ్యాండు నుంచి ట్రంపెట్ అతన్ని మాట్లాడాం. "ఊరేగింపా, దినమా? రేటు వేర్వేరు" అన్నాడు. దినమే, కానీ ఊరేగింపు రేటిస్తామన్నాం. లాస్ట్ పోస్ట్ ఫోన్లో విని బాగానే పట్టాడు.

తర్వాత మౌనం. మన సభల్లో రెండు నిమిషాల మౌనమంటే ఇరవై సెకన్లు, ఆపైన ఎవరో ఒకరు దగ్గుతారు, అంతా కూర్చుంటారు. బాబాయిది నూట ఇరవై సెకన్లే. ముప్పై దగ్గర ముఖ్య అతిథి కుర్చీ వైపు చూశాడు, బాబాయిని చూసి మానుకున్నాడు. యాభై దగ్గర ఎవరి ఫోనో మోగి గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. బాబాయి పెదాలు కదులుతున్నాయి. లెక్క తప్పితే అందిద్దామని కాస్త జరిగాను. అంకెలు కావు. పేర్లు. ఒకటి తమిళుడి పేరు, ఒకటి సర్దార్జీది, ఒకటి మన తెలుగుదే. ఇంకో రెండున్నాయి, నాకు సరిగా వినపడలేదు.

"విశ్రామ్!" అన్నాడు. ట్రంపెట్ అతను చెయ్యి అలవాటున పెళ్లికొడుకును పందిట్లోకి తెచ్చే ముక్క ఒకటి ఊదేశాడు.

దిమ్మె ఇంకా పొయ్యలేదు. రాయి ప్రస్తుతం బాబాయి ఇంటి అరుగు మీద ఉంది. పిన్ని దాని మీద వడియాలు పెట్టబోతే ఆయన అడ్డం పడ్డాడు. పైన పది అక్షరాలున్నాయి, కింద అంతా ఖాళీ. మా చుట్టుపక్కల ఊళ్ల వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ పోపులపెట్టెలు, ట్రంకుపెట్టెలు ఒక్కసారి చూడండి. పతకమో, పాత ఉత్తరమో, ఫోటోనో దొరికితే పట్టుకురండి. పేరు గట్టిగా పలకగలిగే మనిషిని కూడా వెంట తెచ్చుకోండి. ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటికి మీటింగ్. ఐదూ ఒకటికి గేటు పడుతుంది.