ఫార్మాట్ కొట్టకండి, బోర్డు మార్చండి

మదర్‌బోర్డు పోయిందనగానే హైదరాబాద్‌లో ఏ మెకానిక్ అయినా మొదట అనే మాట ఒకటే: "సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేసేద్దాం భాయ్." మామూలు ఇళ్లలో అది మంచి సలహానే. ఛత్తా బజార్‌లో మాత్రం దాన్ని వినొద్దంటాను. నేను కింద చెప్పేవన్నీ మెకానిక్‌లు తప్పని కొట్టిపారేసే సలహాలు. అయినా ఆ గల్లీల్లో పని చేసుకునేవాళ్లకు ఇవే పనికొస్తాయని నా గట్టి నమ్మకం.

పత్తర్‌గట్టికి దగ్గర్లోని ఈ బజారు పెళ్లికార్డుల అచ్చుకు పేరు. ఒకే కార్డు మీద ఉర్దూ, ఇంగ్లిష్, ఒక్కోసారి తెలుగు. ఉర్దూకి ఇన్‌పేజ్ కావాలి. ఢిల్లీలోని కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో తెచ్చిన ప్రోగ్రాం అది. అందులోని నూరీ నస్తలీఖ్ అక్షరాలు అంతకన్నా పాతవి, మీర్జా అహ్మద్ జమీల్ చేతిరాత ఆధారంగా మోనోటైప్ కంపెనీ 1981లో తయారుచేసింది. తెలుగుకి అను ఫాంట్లు, పేజీలకు 2001 నాటి పేజ్‌మేకర్ 7, డిజైన్‌కి కోరల్‌డ్రా. పాత ఇన్‌పేజ్ గానీ అను ఫాంట్లు గానీ యూనికోడ్ కావు. ఫైలు భద్రంగా ఉన్నా ఫాంటు లేకపోతే అక్షరాలు పిచ్చిగీతలై కూర్చుంటాయి. ఇన్‌స్టాల్ సీడీలు ఏ అటక మీదో గీతలు పడి ఉంటాయి, కీ రాసుకున్న కాగితం దొరకదు. ఏళ్ల తరబడి సర్దుకున్న ఈ అమరిక మొత్తం ఆ సీ డ్రైవ్‌లోనే ఉంది. దాన్ని అరగంటలో తుడిచేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

కాబట్టి మొదటి సలహా: అసలు డిస్క్‌ని కొత్త బోర్డుకి తగిలించనే వద్దు. క్లోన్‌జిల్లా ఉచితంగా దొరుకుతుంది. పాత డిస్క్‌ని అదే సైజు లేదా పెద్ద ఎస్‌ఎస్‌డీ మీదకి పూర్తిగా కాపీ చేయించి, పాతదాన్ని బీరువాలో పెట్టండి. ప్రయోగాలన్నీ కాపీ మీదే. ఏం చెడినా మళ్లీ కాపీ తీసుకోవచ్చు.

రెండోది వింటే మెకానిక్ మీ మొహం వంక చూస్తాడు: బాగా నడుస్తున్న డ్రైవర్‌ని చేజేతులా తీసేయండి. బోర్డు మార్చాక విండోస్ 7 నీలి తెర వేసి 0x7B అని చూపిస్తే, చాలాసార్లు కారణం ఒకటే: డిస్క్‌ని చదివే కంట్రోలర్ కొత్తది, దాని డ్రైవర్ బూట్ సమయానికి అందలేదు. విండోస్ మొత్తం పాడైందని అనుకుని ఫార్మాట్ కొట్టేది ఇక్కడే. పాత బోర్డు ఇంకా నడుస్తున్నప్పుడే డివైస్ మేనేజర్ తెరిచి, డిస్క్ కంట్రోలర్‌కి ఇంటెల్ డ్రైవర్ బదులు మైక్రోసాఫ్ట్ వాళ్ల 'స్టాండర్డ్ ఏహెచ్‌సీఐ' డ్రైవర్ ఎంచుకోండి. పాత బయాస్‌లో సాటా మోడ్ ఐడీఈ అని ఉందా, ఏహెచ్‌సీఐ అని ఉందా ఒక చీటీ మీద రాసుకోండి. కొత్త బోర్డులోనూ అదే పెట్టాలి. ఐడీఈ అని ఉంటే, కొత్త బోర్డులో ఆ ఎంపిక ఉందో లేదో కొనేముందే అడగండి. విండోస్ 10 అయితే ఈ తిప్పలు తక్కువ. షట్‌డౌన్ మాత్రం షిఫ్ట్ నొక్కి పట్టుకుని చేయండి, లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ పాత హార్డ్‌వేర్ జ్ఞాపకాలను డిస్క్‌లో దాచి ఉంచుతుంది.

ఇక కొత్త బోర్డు. "లేటెస్ట్ తీసుకో" అంటారు. తీసుకోకండి. 2015లో వచ్చిన ఇంటెల్ ఆరో తరం నుంచే విండోస్ 7కి యూఎస్‌బీ దగ్గర చిక్కు మొదలైంది, డ్రైవర్ లేకపోతే కీబోర్డు, మౌస్ కూడా కదలవు. విండోస్ 7 వదలలేని దుకాణానికి నాలుగో తరం ప్రాసెసర్లకు వచ్చిన హెచ్81 లాంటి పాత బోర్డు, సెకండ్ హ్యాండ్‌ది, ఎంతో మేలు. మీ సాఫ్ట్‌వేర్ డాంగిల్ ప్రింటర్ పోర్టుకి తగిలేదైతే ఆ పోర్టున్న బోర్డే వెతకండి. కొత్తవాటిలో అది దాదాపు ఉండదు.

ర్యామ్ కూడా వద్దు! 32 బిట్ విండోస్‌లో 16 జీబీ పెట్టినా అది వాడేది 4 జీబీ లోపే. 32 నుంచి 64కి పోవాలంటే మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాలి. ఆ డబ్బు ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి.

లైసెన్స్ మాట. బ్రాండెడ్ కంప్యూటర్‌తో వచ్చిన విండోస్ ఆ బోర్డుకే కట్టుబడి ఉంటుంది, విడిగా కొన్న రిటైల్ కీని మాత్రం మార్చుకోవచ్చు. విండోస్ 10 వాళ్లు డబ్బా విప్పకముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉండాలి. తర్వాత యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చానని చెప్పుకునే వీలుంటుంది. బిట్‌లాకర్ ఉంటే దాన్ని ముందుగా సస్పెండ్ చేసి, రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎప్పుడు మార్చాలన్నది. బోర్డు చచ్చేదాకా ఆగకండి. పెళ్లిళ్ల సీజన్‌లో అసలు ముట్టుకోకండి. మొహర్రంలో ముస్లిం పెళ్లిళ్లు దాదాపు ఉండవు, ఆషాఢంలో తెలుగువాళ్ల ముహూర్తాలు ఉండవు. 2025లో ఈ రెండు నెలలూ జూన్ ఆఖరి వారంలో ఇంచుమించు కలిసే మొదలయ్యాయి. అన్ని ఏళ్లూ అలా కలిసిరావు గనక క్యాలెండర్ చూసుకోండి. శుభకార్యాలకు పనికిరాని ఆ రోజులే బోర్డుకి మంచి ముహూర్తం. తప్పు జరిగినా సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది.

ఒక్క ప్రమాదం మాత్రం దాచను. విండోస్ 7కి భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగాయి, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందుకే ఆ పాత సిస్టమ్‌కి ఇంటర్నెట్ తీగ పీకేయండి. కస్టమర్ వాట్సాప్‌లో పంపే ఫోటోలు వేరే కంప్యూటర్‌లో దింపుకుని, వైరస్ చూసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. ఖాళీ దొరికినప్పుడు ఇన్‌పేజ్ కొత్త యూనికోడ్ వెర్షన్ ఇంకో సిస్టమ్‌లో పెట్టి పాత కార్డులు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. ముందు ఈ వారంలోనే ఆ డిస్క్‌కి ఒక కాపీ తీయించండి.