గోడకు పైన పూలాయన

గుడుపల్లెలో చామంతి రైతుకూ, కాంపౌండు గోడ వెంబడి పూలు పెంచే పెద్దమనిషికీ తేడా తెలియాలంటే వాళ్ల చేతులు చూడాలి. రైతు మొక్క జానెడు లేస్తూనే తల తుంచేస్తాడు. కొన ఆగితే పక్క కొమ్మలు వస్తాయి, కొమ్మకొమ్మకూ మొగ్గ తొడుగుతుంది. బెంగుళూరు మార్కెట్లో పూలను తూచి కొంటారేగానీ ఎవరూ టేపు పట్టి కొలవరు. మన పెద్దమనిషిని తల తుంచమంటే మాత్రం మొహం మాడ్చుకుంటాడు. ఆయనకు కావలసింది ఎత్తు. పువ్వు దానికొక సాకు. కాకపోతే మెట్టతామర, డేలియా, ఎర్ర గన్నేరు అన్నీ వీధివైపు గోడకే ఎందుకు చేరతాయి? పెరట్లో ఎండ బాగా పడుతుంది, నీళ్ల తొట్టీ అక్కడే ఉంటుంది. కానీ కుప్పం బస్సులో పోయేవాళ్లకు పెరడు కనబడదు కదా. మొక్క రెండడుగులుంటే పాత చీరపేలికతో కట్టిన ఊతకర్ర ఆరడుగులుంటుంది, రాబోయే ఎత్తుకు అడ్వాన్సన్నట్టు. "అన్నా, పూజకు నాలుగు పూలీయన్నా" అని పక్కింటామె అడిగితే, "దానికి వాసన లేదు మా, దేవుడికి బాగుండదు" అంటాడు.

పాపం, అందం మీద ప్రేమ అనేవాళ్లున్నారు. అదే అయితే పూసిపోయిన మెట్టతామర కాడను మొదలుకంటా కోసేవాడు. ఒకసారి పూసిన కాడ మళ్లీ పూయదు, అది పోతేనే పిలకకు బలం. ఆయన కోయడు; గుబురంతటిలో పొడుగైనది అదే మరి! ఏండ్లు నిలిచే మొక్కలు, ఒకసారి నాటితే చాకిరీ ఉండదని ఇంకో వాదన. ఆయనా అదే చెబుతాడు. కానీ మెట్టతామర దుంపలు ఒకదానిమీదొకటి ఎక్కి గుబురు నడుమ వట్టిపోతుంది. రెండు మూడేండ్లకోసారి తవ్వి విడదీయాల్సిందే. విడదీస్తే పక్కింటికి ఇవ్వాలి. "మీ నేలకు పట్టదబ్బా" అంటాడు. రెండిండ్లదీ ఒకే ఎర్రమన్ను! మెక్సికో కొండల నుంచి వచ్చిన డేలియాకు 2,000 అడుగుల పైనున్న ఈ మెట్టసీమ చలువ సరిపోతుంది, సరిపోనిది ఆషాఢం గాలి. దుంప నాటేటప్పుడే కర్ర పాతాలి. ఆయన మొక్క ఒరిగినాక పాతుతాడు, సరిగ్గా దుంపలోకే. ఆ వారమంతా తిట్లు గాలికి.

దారినపోయేవాళ్లకు ఊరికే కనులపండుగ దొరుకుతుందన్నది మాత్రం ఒప్పుకోవాలి. ఆ పుణ్యం ఆయన ఖాతాలోదే. అయితే పక్కింటివాళ్లు గోడమీద ఇంకో వరుస ఇటుక పేర్చి చూడండి. మర్నాటికి మెట్టతామర మొదట్లో ఇంకో గంప పేడెరువు పడుతుంది.